పాత మియాటాకు స్ప్రింగులు, బ్రేకులు మార్చడం: మొదటి నట్టు నుంచి అలైన్‌మెంట్ దాకా

ఇది 1990 నుంచి 1993 దాకా అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ల మాజ్దా ఎంఎక్స్-5 మియాటా కోసం. లైట్లు పైకి లేచే ఆ మొదటి తరాన్ని ఎన్ఏ అంటారు. 1994-97 నాటి 1.8 లీటర్ల ఎన్ఏకి స్ప్రింగుల పనంతా ఇదే. బ్రేకుల భాగంలో మాత్రం వాళ్లు సగం వదిలేయొచ్చు, పెద్ద డిస్కులు వాళ్ల కారుకు కంపెనీ నుంచే వచ్చాయి కాబట్టి.

రెండు పనులూ ఒకేసారి పెట్టుకోమనడానికి కారణం ఉంది. షాకు (స్ప్రింగు ఊపును ఆపే షాక్ అబ్జార్బర్) బయటికి రావాలంటే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌ను బాగా కిందికి నొక్కాలి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) ముందే విప్పి ఉంటే బ్రేకు గొట్టం లాక్కుపోతుందన్న భయం ఉండదు. పైగా చక్రాలు ఒక్కసారి తీస్తే చాలు. మొదటిసారి చేసేవాళ్లు రెండు పూర్తి రోజులు పెట్టుకోండి. సోమవారం ఉదయం ఆఫీసుకు ఇదే కారులో వెళ్లాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి.

1. కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ముందు షాకులు, ఆ తర్వాతే స్ప్రింగులు. చాలామంది తక్కువ ధరలో దొరికాయని పొట్టి స్ప్రింగులు కొని, ముప్పై ఏళ్ల పాత షాకుల మీదే వేస్తారు. గట్టి స్ప్రింగు గతుకులో నొక్కుకుని తిరిగి లేచేటప్పుడు దాన్ని పట్టి ఆపాల్సింది షాకే. అరిగిన షాకు ఆపలేదు. అప్పుడు కారు తక్కువ ఎత్తులో అందంగానే కనిపిస్తుంది, రోడ్డు మీద మాత్రం బంతిలా ఎగురుతుంది.

స్ప్రింగు గట్టిదనం ఎంత ఉండాలి? రోజూ తిరిగే కారుకు ముందు అంగుళానికి 300 పౌండ్లు, వెనక 200 పౌండ్ల దరిదాపుల్లో ఉంటే హాయిగా ఉంటుంది. జపాన్ తయారీ సెట్ల మీద ఇదే లెక్క కిలోల్లో రాసి ఉంటుంది. మిల్లీమీటరుకు 1 కిలో అంటే అంగుళానికి 56 పౌండ్లు. 6/4 అని ఉంటే ముందు 336, వెనక 224 అన్నమాట. పది కిలోలు దాటినవి రేసు ట్రాకు కోసం. వాటిని ఊళ్లో వాడితే నడుము చెబుతుంది.

ఈ కారుకు అసలు లోపం సస్పెన్షన్ పైకీ కిందికీ కదిలే దూరం తక్కువ కావడం. ఎత్తు తగ్గించిన కొద్దీ ఆ దూరం ఇంకా తగ్గిపోయి, బండి ఎప్పుడూ బంప్ స్టాపుల (కదలిక చివర అడ్డుపడే మెత్తటి దిమ్మల) మీదే కూర్చుంటుంది. అందుకే 1999-2005 రెండో తరం మియాటా పై మౌంట్లు (షాకు పై కొసను కారు ఒంటికి పట్టి ఉంచేవి) వేసుకోవడం పాత చిట్కా. వాటితో ఇంకొంచెం కదలిక దొరుకుతుంది. అయితే ఆ మౌంటుకూ మీరు కొన్న స్ప్రింగు పై చుట్టుకూ జత కుదరాలి. మౌంటు, పై సీటు, స్ప్రింగు, బంప్ స్టాపు అన్నీ ఒకదానికొకటి సరిపోయే సెట్‌గా కొనండి. తలా ఒకటి ఏరుకొచ్చి కలిపితే ఆదివారం రాత్రి గ్యారేజీలో ఏడవాల్సి వస్తుంది.

ఇక బ్రేకులు. 1.6 కారుకు ముందు డిస్కు 235 మి.మీ., వెనకది 231. 1.8 కారువి 255, 251. ఈ పెద్ద డిస్కులు మీ కారుకు ఏ కోతా లేకుండా బోల్టులతోనే ఎక్కుతాయి. మారాల్సినవి కాలిపర్ బ్రాకెట్లు, డిస్కులు, ప్యాడ్లు. మీ పాత కాలిపర్లు బాగుంటే అవే వాడుకోవచ్చు. కంపెనీ 14 అంగుళాల చక్రాల్లో ఇవి పడతాయి. 2001 తర్వాతి స్పోర్ట్ బ్రేకులు, అంటే 270 మి.మీ. డిస్కులు కావాలంటే 15 అంగుళాల చక్రాలు తప్పనిసరి.

ఒక మాట ముందే చెప్పాలి. పెద్ద డిస్కు వల్ల కారు తక్కువ దూరంలో ఆగదు. ఆపేది టైరు. పెద్ద డిస్కు చేసేదల్లా వేడిని ఎక్కువసేపు తట్టుకోవడం. కొండ దిగేటప్పుడు పదో మలుపు దగ్గర కూడా పెడల్ మొదటి మలుపు దగ్గర ఉన్నట్టే ఉంటుంది. మీ టైర్లు ఆరేళ్లు దాటి గట్టిపడి ఉంటే ముందు డబ్బు అక్కడ పెట్టండి.

ముందు బ్రేకులు మాత్రమే మార్చి వెనకవి వదిలేస్తే బ్రేకు బరువంతా ముందుకే పోతుంది, వెనక చక్రాలు పని తప్పించుకుంటాయి. నాలుగూ మార్చండి.

2. సామాను జాబితా

విడి భాగాలు:
- షాకులు 4, స్ప్రింగులు 4, పై మౌంట్లు 4, బంప్ స్టాపులు 4, దుమ్ము తొడుగులు 4
- 1.8 బ్రాకెట్లు 4, డిస్కులు 4, వాటికి సరిపోయే ప్యాడ్లు ముందు ఒక సెట్, వెనక ఒక సెట్ (1.6 ప్యాడ్లు పనికిరావు)
- బ్రేకు గొట్టాలు 4. బ్యాంజో బోల్టు (గొట్టాన్ని కాలిపర్‌కు బిగించే బోలు బోల్టు) వాషర్లు 8, అన్నీ కొత్తవే
- డాట్ 4 బ్రేకు ఆయిల్ 1 లీటరు, సీలు తీయని డబ్బా
- స్వే బార్ (మలుపుల్లో కారు వాలకుండా ఆపే కడ్డీ) లింకులు (పాతవి విప్పేటప్పుడు విరిగే అవకాశం ఎక్కువ, దగ్గర పెట్టుకోండి)

పనిముట్లు:
- 10, 12, 14, 17, 19, 21 సాకెట్లు, టార్కు రెంచి
- బ్రేకు పైపు నట్ల కోసం 10 మి.మీ. ఫ్లేర్ నట్ పానా
- 4 మి.మీ. అలెన్ కీ (వెనక కాలిపర్లకు ఇదే ప్రాణం)
- స్ప్రింగు కంప్రెసర్, మంచిది
- ట్రాలీ జాకీ, స్టాండ్లు 4
- వైరు బ్రష్, బ్రేకు క్లీనరు, సిలికాన్ బ్రేకు గ్రీజు, తీగ ముక్కలు

మాజ్దా వర్క్‌షాప్ మాన్యువల్‌లో సస్పెన్షన్, బ్రేకుల పేజీలు ప్రింటు తీసి గోడకు అంటించండి. ఆయిలు చేతులతో ఫోను పట్టుకోలేరు.

3. మూడు రోజుల ముందు

డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్న కారయితే ఈ అంకం దాటేయొచ్చు. మిషిగన్, న్యూజెర్సీ, ఒహాయోల్లో చలికాలం ఉప్పు తిన్న కారయితే దాటకండి. షాకు కింది బోల్టు, స్వే బార్ లింకు నట్లు, బ్రేకు పైపు నట్లు, కింది ఆర్మ్‌లకు ఉన్న క్యాంబర్ (చక్రం వాలు) సర్దే బోల్టులు, వీటన్నిటినీ వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె రోజూ సాయంత్రం కొట్టండి.

ఆ క్యాంబర్ బోల్టులు చక్రానికి రెండు చొప్పున ఎనిమిది. అవి బుష్ (ఆర్మ్ కొసలోని రబ్బరు కీలు) లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతే చక్రాల కోణాలు సరిచేయడం, అంటే అలైన్‌మెంట్ చేయడం కుదరదు. పని మొదలుపెట్టకముందే ఒక్కో నట్టు కొద్దిగా వదులు చేసి, బోల్టు తల తిరుగుతోందో లేదో చూడండి. తిప్పేముందు దాని గీత ఎక్కడుందో ఫోటో తీసుకోండి. చూశాక అదే గీత దగ్గరికి తెచ్చి బిగించేయండి. తిరగకపోతే ఆ సంగతి ఈరోజే తెలియడం మేలు.

4. కారు ఎత్తడం

చదునైన సిమెంటు నేల. చక్రాల నట్లు నేల మీదే అరచుట్టు వదులు చేయండి. ముందు భాగానికి జాకీ ఇంజిను కింది అడ్డ కమ్మీ మధ్యలో, వెనక భాగానికి డిఫరెన్షియల్ కింద. పక్క అంచుల్లో నిలువుగా దిగే రేకు ఈ కార్లలో ఇట్టే వంగుతుంది, స్టాండు మీద గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెట్టి గుర్తున్న చోటే ఆనించండి.

నాలుగు స్టాండ్లు పెట్టాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపండి. కదిలితే దించి మళ్లీ పెట్టండి. వెనక కాలిపర్లు విప్పాలి కాబట్టి హ్యాండ్ బ్రేకు దించి ఉంచాలి, గేరు వేసి ఉంచండి.

5. పాత షాకులు తీయడం

కాలిపర్లను బ్రాకెట్ల నుంచి విప్పి తీగతో పైకి కట్టేయండి. గొట్టానికి వేలాడనివ్వొద్దు.

ముందు చక్రాల దగ్గర వరస ఇది:
1. స్వే బార్ లింకు రెండు పక్కలా విప్పండి. ఒక పక్కే విప్పితే రెండో పక్క బార్ మిమ్మల్ని తోస్తూనే ఉంటుంది.
2. షాకు కింది బోల్టు తీయండి.
3. బానెట్ ఎత్తి పైన ఉన్న రెండు నట్లు విప్పండి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు ముట్టుకోవద్దు. స్ప్రింగును నొక్కి పట్టుకున్నది అదే.
4. పై ఆర్మ్ పొడుగాటి బోల్టు లాగేస్తే చక్రం భాగం బయటికి వాలుతుంది, షాకు సులభంగా జారి వస్తుంది. బోల్టు రానంటే కింది ఆర్మ్‌ను ఒకరు కాలితో తొక్కి పట్టాలి, ఇంకొకరు షాకు లాగాలి.

వెనక పైనట్లు డిక్కీలో ఉంటాయి. ఎడమ పక్కవి పెట్రోలు పోసే గొట్టం దగ్గర మూత వెనక దాగి ఉంటాయి, అది విప్పితేగానీ పానా దూరదు. కుడి పక్క బ్యాటరీ ఉంది, దాని నెగటివ్ తీగ ముందే తీసేయండి. ఇనుప పానా తగిలితే మెరుపే. మిగతాదంతా ముందు చక్రాల పద్ధతే.

6. స్ప్రింగు కూర్చడం

పాత షాకు విప్పకముందే ఒక పని చేయండి. పైనున్న రెండు బోల్టులకూ కింది కన్నుకూ (కింది బోల్టు దూరే రంధ్రానికీ) మధ్య కోణాన్ని ఫోటో తీసి, మౌంటు మీదా షాకు ఒంటి మీదా మార్కరుతో ఒకే గీత గీయండి. కొత్తది కూర్చేటప్పుడు ఈ కోణం తప్పితే కింది కన్ను ఆర్మ్‌లో ఎదురుతిరిగి కూర్చుంటుంది. చాలామంది అప్పుడు బలవంతంగా తిప్పి బోల్టు తోస్తారు, బుష్ నెల రోజుల్లో చిరుగుతుంది.

కంప్రెసర్ కొక్కాలు ఎదురెదురుగా పెట్టి, రెండు పక్కలా ఒక్కో చుట్టు మార్చి మార్చి బిగించండి. స్ప్రింగు సీటు మీద వదులుగా కదిలినప్పుడే మధ్య నట్టు విప్పాలి. షాకు కొస మీ ముఖం వైపు ఎప్పుడూ ఉండకూడదు. ఇంపాక్ట్ గన్‌తో కంప్రెసర్ బిగించొద్దు, మరలు అరిగి కొక్కెం జారితే స్ప్రింగు తూటాలా వస్తుంది.

పాత బంప్ స్టాపులు చేత్తో పట్టుకోగానే పిండిలా రాలుతాయి. అందుకే కొత్తవి కొనమన్నది. షాకు కడ్డీ మీద వరస: బంప్ స్టాపు, దుమ్ము తొడుగు, స్ప్రింగు, పై సీటు, రబ్బరు, మౌంటు, వాషరు, నట్టు. స్ప్రింగు కొస సీటులోని మెట్టుకు ఆనిందా అని వేలుపెట్టి చూడండి. కోని కంపెనీ రకం షాకులకు గట్టిదనం తిప్పే మర పైన ఉంటుంది. బిగించే ముందే నాలుగింటినీ పూర్తిగా మెత్తని వైపుకు తిప్పి, అక్కడి నుంచి సమానంగా లెక్కపెట్టి వెనక్కి తిప్పండి.

కంపెనీ స్ప్రింగును కోసి పొట్టి చేయడం గురించి అడుగుతుంటారు. చేయొద్దు. కొస సీటులో కూర్చోదు, పైగా గట్టిదనం కొద్దిగానే పెరిగి కదలిక బాగా పడిపోతుంది. ఈ కారుకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

7. కారులోకి ఎక్కించడం

పైనట్లు చేత్తో తిప్పి ఆపండి, తర్వాత కింది బోల్టు, తర్వాత పై ఆర్మ్ బోల్టు. ఆర్మ్ బోల్టులు ఇప్పుడే బిగించేయకండి, నట్టు ఆనితే చాలు. కారణం 10వ అంకంలో ఉంది.

టార్కు రెంచితో బిగించాల్సిన అంకెలు, అన్నీ న్యూటన్ మీటర్లలో:
- పైనట్లు: 29-36
- షాకు కింది బోల్టు: 73-93
- కాలిపర్ బ్రాకెట్ బోల్టులు: 49-69
- బ్యాంజో బోల్టు: 22-29
- చక్రాల నట్లు: 88-118

8. బ్రేకులు

ముందు బ్రేకులు తేలిక. పాత బ్రాకెట్ విప్పి, పాత డిస్కు లాగండి. రాకపోతే సుత్తి ఎత్తే ముందు డిస్కు ముఖం మీద ఉన్న రెండు మర రంధ్రాల్లో ఎం8 బోల్టులు పెట్టి సమంగా బిగించండి, దానంతటదే లేచి వస్తుంది.

హబ్ (డిస్కు, చక్రం ఆనే భాగం) ముఖాన్ని వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా తోమండి. అక్కడ చిటికెడు తుప్పు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని, కొన్ని వారాల్లో పెడల్ కింద వణుకు మొదలవుతుంది. జనం డిస్కు వంగిందనుకుని దుకాణం మీద పడతారు. కొత్త డిస్కుకు పూసిన నూనె బ్రేకు క్లీనరుతో రెండు పక్కలా తుడిచేయండి.

డిస్కు వెనకున్న పల్చటి రేకు 255 డిస్కుకు తగలొచ్చు. ప్లయరుతో కొంచెం వెనక్కి వంచి, డిస్కును చేత్తో తిప్పి చూడండి. జారే పిన్నులకు సిలికాన్ గ్రీజే వాడాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది, కాలిపర్ పట్టేస్తుంది.

వెనక కాలిపర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హ్యాండ్ బ్రేకు యంత్రం ఈ పిస్టను లోపలే ఉంది. సీ-క్లాంపు పెట్టి నొక్కితే అది పోదు, ఇంకా నొక్కితే లోపలి భాగం పాడవుతుంది. కాలిపర్ వెనకవైపు 14 మి.మీ. తలతో చిన్న బోల్టు ఉంటుంది, అది మూత మాత్రమే. తీసి లోపలికి 4 మి.మీ. అలెన్ పెట్టి అపసవ్యంగా తిప్పితే పిస్టను వెనక్కి వెళ్తుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక సవ్యంగా తిప్పి డిస్కుకు ప్యాడ్లు ఆనిన చోట ఆపండి, అక్కడి నుంచి చుట్టులో మూడో వంతు వెనక్కి తిప్పి మూత బిగించండి. డిస్కు చేత్తో తిప్పితే అతి స్వల్పంగా రాసుకోవాలి, అంతే.

ఈ సర్దుబాటు మరిచిపోతే పెడల్ సగం దాకా దిగిపోతుంది. గాలి ఉందనుకుని లీటరు ఆయిలు ఖర్చు పెడతారు. హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను దీని తర్వాతే చూడాలి: 5 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి.

గొట్టాలు మార్చేటప్పుడు పైపు నట్టుకు ఫ్లేర్ పానాయే వేయండి. మామూలు పానా వేస్తే మెత్తటి నట్టు మూలలు గుండ్రం అవుతాయి, పైపు మొత్తం మార్చాల్సి వస్తుంది. బ్యాంజోకు రెండు పక్కలా చెరో కొత్త వాషరు. అయ్యాక స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, గొట్టం ఎక్కడా మెలిపడటం లేదని, స్ప్రింగుకు రాసుకోవడం లేదని చూడండి.

9. గాలి తీయడం

మాస్టర్ సిలిండరుకు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసే సిలిండరుకు) దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలు. అమెరికా కారుకు వరస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. దాని మీదున్న డబ్బాలో ఆయిల్ మట్టం సగం కిందికి దిగనివ్వొద్దు.

పాత కారులో పెడల్‌ను నేల దాకా తొక్కకండి. మాస్టర్ సిలిండరు లోపల పిస్టను రోజూ తిరగని చివరి భాగంలో మడ్డి, తుప్పు పేరుకుని ఉంటాయి. సీళ్లు అక్కడిదాకా వెళ్లి చిరిగితే మర్నాడు పెడల్ మెల్లగా కుంగిపోతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టి సగానికి కొంచెం ఎక్కువ దాకే తొక్కనివ్వండి.

తొక్కేవాళ్లతో మాట ముందే అనుకోండి: "తొక్కు" అంటే తొక్కి పట్టుకోవాలి, "వదులు" అంటేనే వదలాలి. కాలిపర్ మీది గాలి తీసే స్క్రూ తెరిచి ఉండగా పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికే పోతుంది. పారదర్శకంగా ఉన్న గొట్టంలో బుడగలు ఆగి, టీ రంగు పోయి కొత్త ఆయిల్ రంగు వచ్చేదాకా కొనసాగించండి. రంగు మీద పడ్డ చుక్కల్ని వెంటనే నీళ్లతో కడగండి, బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుంది.

10. ఆర్మ్‌ల బోల్టులు: కారు బరువు మీదే

రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. లోపలి గొట్టం బోల్టుతో బిగుసుకుంటుంది, ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలితిరుగుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ వేలాడే స్థితే రబ్బరుకు సహజస్థితి అవుతుంది. కారు నేల మీదికి రాగానే రబ్బరు ఎప్పటికీ మెలిపడే ఉంటుంది, ఎత్తు అరంగుళం ఎక్కువ కనిపిస్తుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది.

కాబట్టి చక్రాలు వేసి, ఒక్కో చక్రం కింద ఒకే మందం చెక్క పలకలు పేర్చి కారును వాటి మీదికి దించండి. ముందుకీ వెనక్కీ ఒక అడుగు తోసి, నాలుగు మూలలా ఊపండి. ఇప్పుడు పై ఆర్మ్‌లు, కింది ఆర్మ్‌లు, స్వే బార్ లింకులు ఒక్కొక్కటీ వదులు చేసి మాన్యువల్‌లోని టార్కుకు బిగించండి. మీరు విప్పనివి కూడా. ఎత్తు మారింది కాబట్టి వాటి బుష్‌లు కూడా పాత ఎత్తు దగ్గరే ఇరుక్కుని ఉన్నాయి. అలైన్‌మెంట్ షాపువాళ్లు కింది బోల్టులే ముట్టుకుంటారు, పైవి మీ బాధ్యతే.

11. ఎత్తు, అలైన్‌మెంట్

టేపును చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా పెట్టి కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి కూడా లెక్కలోకి వస్తుంది. ముందు 12.5 అంగుళాలకన్నా కిందికి పోవద్దు, వెనక ముందుకన్నా పావు నుంచి అరంగుళం ఎక్కువ. ఎత్తు సర్దే సెట్ అయితే 100 మైళ్లు తిరిగాక స్ప్రింగులు స్థిరపడతాయి, అప్పుడు మళ్లీ కొలిచి, మళ్లీ సర్ది, అప్పుడే అలైన్‌మెంట్‌కు వెళ్లండి. ఎత్తు సర్దితే 10వ అంకంలో చెప్పిన బోల్టులు మరోసారి వదులు చేసి బిగించాలి.

షాపులో ఈ అంకెలు కాగితం మీద రాసివ్వండి, లేకపోతే కంప్యూటరులో పచ్చగీత కనిపిస్తే చాలనుకుని వదిలేస్తారు:

- ముందు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలు): మైనస్ 1 డిగ్రీ
- ముందు క్యాస్టర్ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలు): 4.5 నుంచి 5 డిగ్రీలు, రెండు పక్కలా ఒకటే
- ముందు టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కొలత): సున్నా
- వెనక క్యాంబర్: మైనస్ 1.5 డిగ్రీలు
- వెనక టో: మొత్తం అంగుళంలో పదహారో వంతు లోపలికి

డ్రైవరు సీట్లో మీ బరువు పెట్టి చేయమనండి. ఇంత తేలిక కారులో ఆ తేడా అంకెల్లో కనిపిస్తుంది.

12. కొత్త ప్యాడ్లు పట్టించడం

ఈ పని 11లో చెప్పిన 100 మైళ్లకన్నా ముందే. కారు రోడ్డెక్కించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటి తొక్కులో అది బాగా కిందికి దిగొచ్చు, గ్యారేజీ తలుపు ఎదురుగా ఈ సంగతి తెలుసుకోవడం బాగుండదు.

ఖాళీ రోడ్డు మీద గంటకు 60 మైళ్ల నుంచి 10 మైళ్లకు, గట్టిగా కానీ చక్రం లాక్ కాకుండా, వరసగా 8 నుంచి 10 సార్లు. పూర్తిగా ఆపొద్దు. వేడి ప్యాడు ఒకేచోట నొక్కి పట్టుకుంటే ఆ ముద్ర డిస్కు మీద ఉండిపోతుంది. తర్వాత పావుగంట బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి చల్లారనివ్వండి. వాసన, కొంచెం పొగ మామూలే.

13. తర్వాత వచ్చే ఫిర్యాదులు

గతుకుల మీద ముందు నుంచి టక్కుటక్కు: పై మౌంటు మధ్య నట్టు వదులు, లేకపోతే స్వే బార్ లింకు. షాకును అనుమానించడం చివర.

చిన్న గతుక్కే దడాలున దెబ్బ: బంప్ స్టాపు మీద కూర్చుంటోంది. ఎత్తు పెంచండి. షాకు గట్టిదనం పెంచితే ఇంకా ఘోరంగా ఉంటుంది.

పెడల్ మెత్తగా, రెండుసార్లు తొక్కితే గట్టిగా: వెనక 4 మి.మీ. సర్దుబాటు. పెడల్ స్పాంజిలా, ఎన్నిసార్లు తొక్కినా అంతే: గాలి.

ఒక చక్రం మాత్రమే కాలిపోతోంది: జారే పిన్ను పట్టేసింది, లేదా ఆ పక్క అలెన్ వెనక్కి తిప్పడం మరిచారు.

కారు ఒక పక్కకు లాగుతోంది, అలైన్‌మెంట్ కాగితం మాత్రం బాగుంది: ముందు టైర్లు రెండూ పక్కలు మార్చి నడపండి. లాగడం కూడా పక్క మారితే తప్పు టైరుదే.

100 మైళ్లు తిరిగాక చక్రాల నట్లు, బ్రాకెట్ బోల్టులు, షాకు కింది బోల్టులు టార్కు రెంచితో మరోసారి చూడండి. ఏదైనా పావు చుట్టుకన్నా ఎక్కువ తిరిగితే దాన్ని విప్పి మరలు చూడాలి, ఊరికే బిగించి వదిలేయకూడదు.